వినేందుకు గడువు, తేల్చేందుకు బాధ్యత

ఉపాధి, రేషన్, పింఛను, ప్రసూతి సెలవు వంటి విషయాల్లో పార్లమెంటు చేసే చట్టాలు కోట్లాది కుటుంబాల జీవితాల్ని నేరుగా తాకుతాయి. వాటిలో దేనికి ముందు చోటివ్వాలో, ఎలా రాయాలో తేల్చేముందు ప్రజల్ని ఎంతవరకు అడగాలి? సభ్యుల్ని ఎన్నుకున్నదే ప్రజల తరఫున నిర్ణయించడానికి కాబట్టి ప్రతి బిల్లుకూ మళ్లీ అడగనక్కర్లేదని కొందరంటారు. ఐదేళ్లకోసారి వేసే ఓటును ప్రతి బిల్లుకూ సమ్మతిగా భావించలేమని మరికొందరంటారు. రెండు వాదనలనూ తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఆగి వినడం వల్ల మేలు జరిగిన సందర్భాలున్నాయి. 2004 డిసెంబరులో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ బిల్లు మొదట పేద కుటుంబాలకే పరిమితం. దాన్ని పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపారు. అక్కడా, బయట ప్రజాసంఘాల నుంచీ ఆ పరిమితిపై అభ్యంతరాలు వచ్చాయి. 2005 ఆగస్టులో ఆమోదం పొందేనాటికి, శారీరక శ్రమకు ముందుకొచ్చే ప్రతి గ్రామీణ కుటుంబానికీ ఉపాధి హక్కయింది. పేదల జాబితాలో పేరు లేని పేదలకు ఆ ఎనిమిది నెలల ఆలస్యం మేలే చేసింది.

అయితే ఆలస్యం ప్రతిసారీ ఫలించదు. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ల బిల్లు తొలిసారి 1996లో సభ ముందుకొచ్చింది. ఏకాభిప్రాయం కుదరలేదన్న కారణంతో ఏళ్లు గడిచాయి. 2023 సెప్టెంబరులో లోక్‌సభ ఆమోదించినప్పుడు మాత్రం వ్యతిరేకంగా పడినవి రెండే ఓట్లు. అందరూ ఒప్పుకునేదాకా ఆగుదామన్నప్పుడు ఆ ఆగడానికయ్యే మూల్యం తరచు బలహీనుల మీదే పడుతుంది.

తొందరకూ మూల్యం ఉంది. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చిన మూడు సాగు చట్టాల బిల్లుల్ని ఏ పార్లమెంటు సంఘానికీ పంపకుండా సెప్టెంబరులో ఆమోదించారు. రాజ్యసభలో మూజువాణి ఓటుతో సరిపెట్టారు. వాటిలోని కొన్ని అంశాలను సమర్థించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. కానీ తమను అడగలేదన్న రైతుల ఆవేదన ముందు ఆ గుణదోషాల చర్చ వెనకబడింది. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. ఆ రద్దు బిల్లుపైనా సభలో చర్చ జరగలేదు. సంప్రదింపులు జరిగినా వ్యతిరేకత పూర్తిగా పోయేదని చెప్పలేం. కాకపోతే ఏ అంశాన్ని సరిదిద్దితే ఒప్పుకోవచ్చో తెలిసే వీలుండేది.

అడగాలన్న సూత్రం కాగితం మీద లేకపోలేదు. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం విధానం తెచ్చింది. దానికి చట్టబద్ధత లేదు. వీలు కాదనుకుంటే శాఖలు పక్కన పెట్టొచ్చు. సభ లోపలి పరిశీలనా తగ్గింది: 15వ లోక్‌సభలో దాదాపు 71 శాతం బిల్లులు పార్లమెంటు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 17వ లోక్‌సభలో అది 16 శాతానికి పడిపోయింది.

ఇంతకీ అడిగితే పలికేదెవరు? ముసాయిదాలు ఎక్కువగా ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తాయి. గడువులోగా చదివి అభిప్రాయం పంపగలిగేది చదువూ, సంఘబలమూ ఉన్నవారే. ఉదాహరణకు, 2017లో ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచడం మంచి నిర్ణయమే. కానీ ఆ వేతన భారమంతా యజమానిపై ఉంచడంతో, చిన్న సంస్థలు మహిళలను తీసుకోవడానికి వెనకాడతాయన్న ఆందోళన మిగిలింది. పొలం పనులకూ, ఇంటి పనులకూ వెళ్లే మహిళలకు ఆ సెలవు దాదాపు అందదు. వచ్చిన ఉత్తరాలను లెక్కపెట్టి ప్రాధాన్యాలు నిర్ణయిస్తే ఇలాంటివారు ఎప్పటికీ వెనకే ఉంటారు.

వేగమూ సంప్రదింపూ కలిసి సాగవనీ అనలేం. లైంగిక నేరాల చట్టాల్లో మార్పులు సూచించేందుకు 2012 డిసెంబరులో ప్రభుత్వం నియమించిన జస్టిస్ వర్మ కమిటీ దాదాపు 80,000 సూచనలు స్వీకరించి, నెల రోజుల్లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలోని సిఫార్సుల్లో కొన్నింటిని పార్లమెంటు తీసుకుంది. వైవాహిక అత్యాచారాన్ని నేరం చేయాలన్నది వంటి కొన్నింటిని తీసుకోలేదు. ఎన్నికైన సభకు కాదనే అధికారం ఉండాల్సిందే, ఎందుకు కాదన్నదో చెప్పే బాధ్యతతో పాటు.

కాబట్టి మధ్యేమార్గం ఒకటి సాధ్యమనిపిస్తుంది. జీవనోపాధినీ హక్కులనూ తాకే బిల్లులకు 30 రోజుల గడువును, సంఘం పరిశీలనను తప్పనిసరి చేయవచ్చు. అత్యవసరమైతే మినహాయింపు ఇవ్వాలి గానీ, దానికి కారణం సభ ముందు రాతపూర్వకంగా ఉంచాలి. సంఘాలకూ గడువు పెడితే పరిశీలన వాయిదాగా మారదు. ముసాయిదా సారాంశం తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ రావాలి. రాయలేనివారి దగ్గరకు సంఘమే వెళ్లాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగినప్పుడు, ప్రజావేదికల్లో కూలీలే లేచి మస్టర్లలోని (హాజరు పట్టీల్లోని) తప్పుల్ని చెప్పారు. చోటిస్తే వారు మాట్లాడగలరనడానికి అది చాలు. ఇవన్నీ చేసినా తప్పుడు చట్టాలు రావని హామీ లేదు. అందుకే, అమలైన కొన్నేళ్లకు ప్రతి సామాజిక చట్టాన్నీ పార్లమెంటు మళ్లీ పరిశీలించే ఏర్పాటు కూడా అవసరం.