రాలు పూలు, రాలని పూలు

అమెరికాలోని బోస్టను లలితకళా ప్రదర్శనశాలలో 1976 నుండి వసంతకాలమున ఒక పుష్పోత్సవము జరుగుచున్నది. కళాఖండముల చెంత, వాని రంగును రూపమును అనుసరించి పూలను కూర్చి నిలుపుదురు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ ప్రదర్శనశాలలో 1984 నుండి ఇట్టి వేడుకయే కలదు. ప్రదర్శనశాలలోని పాతకాలపు దుస్తులను చూచి పూలు కూర్చుటయు ఈ కళలోనిదే. "పనిలేని ధనికుల కాలక్షేపము" అని మనవారిలో కొందరు దీనిని తేలికచేయుదురు. పూలజడలు కుట్టి, తోమాలలు కట్టిన జాతికి ఆ మాట తగదు. పూలకూర్పు విద్యయే. నా ఆక్షేపణ వేరు. రంగునకు రంగు జోడించినంతనే పని ముగిసినదనుకొనుట పొరపాటు. వస్త్రమును చూచిన చాలదు, చదువవలెను.

ఒక ఉదాహరణము చెప్పెదను. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో 18వ శతాబ్దపు పూలబట్టల దుస్తులు కలవు. ఆ బట్ట కోరమాండల్ తీరమున, అనగా మచిలీపట్నము మొదలు దక్షిణమునకు సాగిన తీరమున, కలముపట్టిన చేతులు సిద్ధము చేసినది. గుడ్డను కరక్కాయ కషాయమునను గేదెపాలలోను నానబెట్టి, ఎరుపు కావలసినచోట పటికనీరు వ్రాసి, చిరువేరుతో కాచెడివారు. పటిక తాకినచోటనే ఎరుపు నిలిచెడిది. నీలి తగులరాని చోట్ల మైనము కప్పి నీలిమందులో ముంచెడివారు. ఆకులకు నీలముపై పసుపురంగు పూసినచో పచ్చదనము వచ్చెడిది.

ఆ పసుపురంగు కాలక్రమమున వెలిసిపోవును. అందుచే అట్టి బట్టలపై ఆకులు నేడు పలుచోట్ల నీలముగా కనబడుచున్నవి. ఆ నీలమునకు సరిపడ నీలిపూలను వెదకి తెచ్చినవారు, కాలము చేసిన లోపమును చిత్రకారుని అభీష్టముగా భ్రమించినవారు కారా? అచట ఉండవలసినది పచ్చని ఆకు. ఎరుపు మాత్రము నేటికిని చెదరలేదు. అది చిరువేరు మహిమ, ఆ చేతుల నేర్పు.

ఇక ఆ పూల సంగతి. ఐరోపా వర్తకులు నమూనాలు పంపిరి. మన పనివారు తాము కన్నెరుగని పూలను తమ ఊహతో దిద్దిరి. అట్టి పూలు ఏ తోటలోను పూయలేదు. ఆ బట్టల మోజునకు జడిసి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వాని దిగుమతిని నిషేధించినవి. ఇంత చరిత్రగల వస్త్రము ప్రక్కన పూలు పెట్టువారు దాని పుట్టినచోటును, పనితీరును పలకపై వ్రాయుట కనీసధర్మము.

ఐతే పరులను తప్పుపట్టు మనము చేయుచున్నదేమి? అవ్వ కట్టిన పట్టుచీరను జరీవెండి కొరకు బరువు తూచి అమ్ముకొనుచున్నాము. మగ్గమును నమ్మి షోలాపురము వరకు వలసపోయిన పద్మశాలీల వంటివారు మనలోనే ఉండగా, ఇంటి బీరువాలోని చీర ఎచట నేసినదో మన పిల్లలలో ఎందరు చెప్పగలరు?

వార్షికోత్సవ వేదికను ఏటేట పూలతో ముంచెత్తుచున్నాము. ఈసారి ప్రతి కుటుంబము ఒక పాతచీరను తెచ్చి, అది నేసిన ఊరు, కట్టిన తల్లి పేరు వ్రాసి ఉంచవలెను. దానిని చదివినవారే పూలు కూర్చవలెను. తడియు, పుప్పొడియు బట్టకు చేటు గనుక పూలను ఎడముగా ఉంచవలెను. సాయంత్రమునకు పూలు వాడును. చీరలు మాత్రము తూకమునకు పోక, తిరిగి ఇండ్లకే చేరవలెను.