అందరూ పోయే రోజున వద్దు, ఖాళీ రోజున రైలెక్కుదాం



ఈ ఏడాది యాత్ర గురించి మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎప్పటిలాగే రెండే ముక్కలు వినబడుతున్నాయి. ఒకటి, ఆడి కృత్తికకు తిరుత్తణి. రెండోది, మే నెల సెలవుల్లో బస్సు మాట్లాడుకుని తిరుపతి. ఈ రెండింటికీ మేము ఒప్పుకోము. కోపం తెచ్చుకోకుండా కడదాకా చదవండి.

ఆడి కృత్తిక నాడు కావడి ఎత్తే భక్తులను మేము ఒక్క మాట అనడం లేదు. మొక్కు ఉన్నవాళ్ళు ఆ రోజే పోవాలి, పోతారు. కానీ సంఘం యాత్ర మొక్కు కాదు కదా! పదిమందీ కలిసి కూర్చుని, కలిసి తిని, మన ఊళ్ళను మన పిల్లలకు చూపించడానికి పెట్టుకున్నది. ఆ జనంలో పక్కనున్న మనిషి ఎటు పోయాడో తెలియదు. తిరుత్తణి కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డెబ్బై ఏళ్ళ మనిషి మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకోవాలంటే వెనుకనుంచి తోసేవాళ్ళు ఉండకూడదు.

ఇక బస్సు సంగతి. సీజన్లో బస్సు బాడుగ ఎంత చెబితే అంత. తలకింతని పంచేసరికి ఎవరి పేరు జాబితాలోంచి పోతుందో చూడండి. ఒంటరి ముసలమ్మలు, కూలి పనికి పోయేవాళ్ళు, ముగ్గురు పిల్లలున్న ఇల్లు. "ఈసారి మాకు వీలుకాదమ్మా" అంటారు. వీలుకాక కాదు, డబ్బు లేక. డబ్బున్నవాళ్ళే పోయివచ్చి సంఘం యాత్ర అని ఫోటోలు పెట్టుకోవడం న్యాయమా?

రైల్లో రిజర్వేషన్ లేని సెకండ్ క్లాస్ టికెట్టుకు సీజన్ లేదు. కిలోమీటర్ల లెక్కే. ఆడి కృత్తిక నాడూ అదే ఛార్జీ, ఎవరూ లేని రోజూ అదే ఛార్జీ. పెద్దవాళ్ళకు ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, ఇంతవరకూ తిరిగి రాలేదు. అది మా వయసువాళ్ళందరికీ బాధే. అయినా 80 కిలోమీటర్ల లోకల్ టికెట్టు ఎవరికీ భారం కాదు.

"లోకల్లో కూర్చోడానికి చోటెక్కడుంది?" అని అడుగుతారు. జనం ఎటు పోతారో చూసి ఎక్కితే చోటుంటుంది. పొద్దున ఆఫీసు జనమంతా మదరాసు వైపు పోతుంది, సాయంకాలం తిరిగి వస్తుంది. మనం దానికి ఎదురు పోవాలి. మన శోళవరానికి స్టేషన్ లేదు కాబట్టి మీంజూరులోనో పొన్నేరిలోనో ఎక్కి సూళ్ళూరుపేట వైపు పోతే పొద్దున బండి ఖాళీ. తిరుత్తణికైతే రెడ్ హిల్స్ మీదుగా తిరువళ్ళూరు చేరి అక్కడ ఎక్కవచ్చు. లేదా ఆదివారం బేసిన్ బ్రిడ్జిలో బండి మారవచ్చు.

ఏ ఊరికి ఎప్పుడు పోవాలన్నదే అసలు తెలివి. తిరుత్తణికి ఆడి పోయాక, పురట్టాసి రాకముందు, కృత్తిక నక్షత్రమూ పెళ్ళి ముహూర్తమూ లేని రోజు చూడాలి. డిసెంబర్ 31 రాత్రి మెట్ల పండుగ జోలికి పోవద్దు. తిరువళ్ళూరు వీరరాఘవ పెరుమాళ్ళను అమావాస్య తప్పించి చూడాలి, అందులోనూ తై అమావాస్య. కంచికి ఉత్సవాలు లేని రోజు చూడాలి. 2019లో అత్తి వరదర్ దర్శనం జరిగిన 48 రోజులు గుర్తున్నవాళ్ళకు మేము వేరే చెప్పనక్కరలేదు. నేలపట్టు పక్షులు మాత్రం మన వీలు చూడవు. అక్టోబర్ నుంచి మార్చి లోపలే పోవాలి. అక్కడ కూడా ఫ్లెమింగో పండుగ రోజులు వదిలేసి, ఫిబ్రవరిలో పనిరోజు పోతే గూడబాతులను తీరిగ్గా చూడవచ్చు. దొరవారిసత్రంలో దిగితే దగ్గర. నవంబర్, డిసెంబర్ వానల్లో ఏ యాత్రా పెట్టుకోవద్దు.

ఇది మన ఊరి గొడవే కాదు. ఇటలీలో వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో ఒక్క పూటకు వచ్చిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఖాళీ రోజుల్లో రుసుము లేదు. మనకు అలా రుసుము వేసేవాళ్ళు లేరు గానీ, తోపులాటలో మనం కట్టేది తక్కువేమీ కాదు.

అన్నిటికంటే పెద్ద కారణం పిల్లలు. మేము చదివింది తమిళ మీడియంలో. తమిళం మనకు అన్నం పెట్టింది, దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ 2006 చట్టం తర్వాత మన పిల్లలకు బడిలో తెలుగు అక్షరం దొరకడం కష్టమైంది. ఆరంబాక్కం దాటి తడ రాగానే స్టేషన్ బోర్డు మీద తెలుగు కనబడుతుంది. తిరుత్తణి దాటితే నగరి, పుత్తూరు. ఆ దారిలోనే వెంకటనరసింహరాజువారిపేట ఉంది, పేరు పొడవుకు దేశమంతా చెప్పుకునే స్టేషన్. ఆ బోర్డును కూడబలుక్కుని చదివిన పిల్లవాడికి సగం గుణింతం వచ్చినట్టే. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అయినా రాధాకృష్ణన్ గారు పుట్టిన ఆ ఊళ్ళో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. తోపులాట లేని రోజున అంగడి దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే పిల్లలు కూడా వింటారు. బస్సు కిటికీ మూసుకుని సినిమా పాటలు పెట్టుకుని పోతే ఏం వింటారు?

"పిల్లలకు సెలవులు మేలోనే కదా" అనేవారికి ఒకటే జవాబు. ఒక్కరోజు యాత్రకు నెల సెలవులు అక్కరలేదు, ఒక శనివారం చాలు.

కాబట్టి వచ్చే సమావేశంలో మేము పెట్టే తీర్మానం ఇది. ఏడాదికి ఒక పెద్ద బస్సు యాత్ర బదులు మూడు చిన్న రైలు యాత్రలు: సెప్టెంబర్ మొదట్లో తిరుత్తణి, ఫిబ్రవరిలో నేలపట్టు, మార్చి మొదట్లో కంచి. టికెట్టు ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి, కొనలేనివారిది సంఘం కొనాలి. పులిహోర, పెరుగన్నం ఇంటినుంచి తెచ్చుకోవాలి. ఒప్పుకోనివాళ్ళు సమావేశానికి వచ్చి కారణం చెప్పండి. "ఎప్పుడూ ఇలాగే పోతున్నాం" అన్నది మాత్రం కారణం కాదు.