ఆ యాసిడ్ సీసా మన ఇంటికొద్దు

మొన్న ఆదివారం గుడివాడ నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. వచ్చే నెలలో వాళ్ళ గృహప్రవేశం. హాల్లో తాండూరు బండలు, వెనక వరండాలో కడప రాయి వేయించుకున్నారు. "అక్కా, బండల మీద సిమెంటు మరకలు అలాగే ఉండిపోయాయి. మేస్త్రి యాసిడ్ క్యాను తెచ్చిపెట్టాడు. రేపు కడిగేస్తే అద్దంలా వస్తాయట" అంది. స్టవ్ మీద పాలున్న సంగతి కూడా మర్చిపోయి అరగంట వద్దని చెప్పాను. గృహప్రవేశం వాళ్ళది, పాలు పొంగింది మా ఇంట్లో!

అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, ఆ పని నేను చేసి ఉన్నాను కాబట్టి.

మాది బందరు. మా అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో వేయించిన కడప బండలు ఇప్పటికీ మా ముందు వసారాలో ఉన్నాయి. నల్లగా, నున్నగా, ఎండాకాలం మధ్యాహ్నం చాపైనా లేకుండా పడుకోవాలనిపించేలా ఉండేవి. మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి ముందు అవి నాకు జిడ్డుగా, పాతగా కనిపించాయి. వచ్చేవాళ్ళంతా ముందు కాళ్ళ కిందికే చూస్తారు కదా! కొట్టు నుంచి యాసిడ్ తెప్పించి, మా ఇంట్లో పనిచేసే ఆవిడ చేతికిచ్చాను. పొయ్యగానే బుస్సుమని నురగ వచ్చింది. మురికి వదులుతోందని సంబరపడ్డాను. వదిలింది మురికి కాదు, రాయి.

కడప రాయి, తాండూరు బండ, బేతంచెర్ల రాయి, అన్నీ సున్నపురాయి జాతే. పాలరాయీ వాటికి చుట్టమే. యాసిడ్ తగిలితే రాయి పైపొర కరిగిపోతుంది. మనకి కనిపించే బుడగలు అప్పుడు పుట్టే బొగ్గుపులుసు గాలి. తర్వాత మిగిలే కాల్షియం క్లోరైడ్‌ని సరిగ్గా కడిగెయ్యకపోతే అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అసలే సముద్రపు గాలి ఉన్న ఊరు, ఇక చెప్పేదేముంది! మా బండలు వారం రోజులు చెమట పట్టినట్టే ఉన్నాయి. ఆరాక చూస్తే బూడిద రంగు మచ్చలు. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు నల్లబడ్డాయి, మూడో రోజుకి వీధిలో దుమ్మంతా వాటి మీదే. అలా తినేసిన రాయిని మళ్ళీ మిషను పెట్టి పాలిష్ చేయించాల్సిందే తప్ప తుడిస్తే పోదు.

రాయి సంగతి అలా ఉంచండి. ఆ పొద్దున కాలవలో నేనే బ్లీచింగ్ పౌడరు చల్లాను. యాసిడ్ నీళ్ళు వెళ్ళి అందులో పడ్డాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని నాకప్పుడు తెలియదు. "అమ్మగారూ, ఊపిరాడట్లేదండీ" అంటూ ఆవిడ వీధిలోకి పరిగెత్తింది. కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు ఆగలేదు, వేళ్ళు పొట్టు లేచాయి. డాక్టరుకి చూపించాం, వారానికి కుదుటపడింది. నాకు గ్లౌజులు ఇవ్వాలని కూడా తోచలేదు. నా చేతులయితే తోచేదేమో.

ఇల్లాలి పనితనాన్ని గచ్చు మెరుపుతో కొలవడం మనకి ఎవరు నేర్పారో గానీ, ఆ మెరుపు కోసం వంగి రుద్దే చేతులు చాలా ఇళ్ళలో మనవి కావు. యాసిడ్ అయితే పని త్వరగా అవుతుందంటాం. ఎవరి ఊపిరి మీద?

నిజానికి రాతికి పెద్ద సేవ అక్కర్లేదు. ముందు ఇసుక లేకుండా పొడిగా ఊడవాలి, గీతలు పడేది దానివల్లే. తర్వాత బకెట్టు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి తడిగుడ్డ పెట్టి, మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి ఆరనివ్వాలి. నూనె మరక పడితే వంటసోడా ముద్దగా కలిపి పట్టించి, మీద ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా వదిలెయ్యాలి. నిమ్మకాయ, వెనిగరు, చింతపండు ఇవీ పులుపే, రాయికి పడవు. శుక్రవారం ఇత్తడి కుందులు చింతపండుతో తోముతామే, ఆ బండ మీద తెల్లటి మచ్చలు అలా వచ్చినవే. పళ్ళెంలో పెట్టి తోముకుంటే సరి.

మా పుట్టిల్లు దివిసీమ. అక్కడ గోడ పక్క బండల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనకి ఇంట్లోకి వచ్చిన సముద్రపు ఉప్పే ఇంకా వదల్లేదని మా అమ్మ నమ్మకం. ఆ నేలలో, ఆ నీళ్ళలో ఉప్పుంది, తేమతో పాటు అది పైకి లేస్తుంది. దాన్ని నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ రాయిలోకే ఇంకుతుంది. పొడి బ్రష్షుతో దులిపి ఎత్తెయ్యాలి. మా అమ్మ చీపురుతో చేసేది అదే, కారణం మాత్రం ఉప్పెన మీదికి నెట్టేది.

ఆ దగ్గర్లోనే ఘంటసాల మ్యూజియం ఉంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి బౌద్ధ శిల్పాలు అక్కడ చూడొచ్చు. అవీ సున్నపురాయే. తవ్వితే మట్టి తప్ప రాయి దొరకని డెల్టాకి ఎక్కడినుంచో తెచ్చి చెక్కారు, మట్టిలో అన్నాళ్ళున్నా పూల రేకులు పోల్చుకోవచ్చు. నేను మా వసారాని ఒక్క పూటలో పాడుచేశాను.

తోడికోడలితో చెప్పింది ఇంతే: క్యాను వెనక్కి పంపించెయ్యి, సిమెంటు మరకల్ని తడిపి ప్లాస్టిక్ రేకుతో మెల్లగా గీకించు, దానికి రెండు రోజుల కూలి ఎక్కువైనా ఇవ్వు. "మేస్త్రి నవ్వుతాడేమో అక్కా" అంది. నవ్వితే నవ్వనీ, మా వసారా ఫోటో పంపుతాను, చూపించు అన్నాను. ఇందాకే తీసి పంపాను.