నమూనా విమానం మెరవాలా?

పాఠశాల ప్రదర్శనల్లో తళతళలాడే విమాన నమూనాలకే బహుమతులు వస్తున్నాయి. ఇది సరికాదని మా అభిప్రాయం. మిగ్-21నే తీసుకోండి. 1963లో మన వాయుసేనలో చేరినప్పుడు అది వెండిలా మెరిసేది. 1971 యుద్ధ సమయంలో చాలా మిగ్‌లకు ఆకుపచ్చ, మట్టి రంగులు పూశారు. పైనుంచి చూసే శత్రువు కంటికి అవి నేలలో కలిసిపోవాలి కదా! మరి వాటి నమూనాకు మెరుగెందుకు?

1:72 నమూనాను అడుగు దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 72 అడుగుల దూరం నుంచి చూసినట్టే. దూరం పెరిగేకొద్దీ రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకే మేము ఆకుపచ్చలో రెండు చుక్కలు తెలుపు కలుపుతాం. రెండు రంగులు కలిసేచోట స్పాంజి ముక్కతో అద్దుతాం (ఎయిర్‌బ్రష్ కొనే స్తోమత మాకెక్కడిది!). మెకానిక్కులు కాలు మోపే రెక్క మొదట్లో, రంగు లేచిపోయినట్టు వెండిరంగు తాకిస్తాం. వెనుక పొగ వచ్చేచోట కొంచెం నలుపు పూస్తాం.

ఒక పోటీలో ఇదంతా చూసి "మురికిగా ఉంది" అని మార్కులు తగ్గించారు. ఇకపై నమూనా పక్కనే అసలు విమానం ఫోటో పెట్టనివ్వాలి. న్యాయనిర్ణేతలు రెండింటినీ పోల్చి చూసి మార్కులు వేయాలని కోరుతున్నాం.