తెలుగు వ్రాతకు పనిముట్లు: నిలిచేవి, నిలువనివి



"అయ్యవారూ, ఫోనులో తెలుగు వ్రాయడానికి ఏది మంచిది?" అని నన్ను అడిగేవారు ఎక్కువైనారు. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడు మీటలపలక ముందు కూర్చొని ఉండడం చూచినవారికి ఆ ప్రశ్న సహజమే. ఏదో ఒక పేరు చెప్పి పంపవచ్చును. కాని ఆ పేరు రేపటికి ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? అందుచేత ఈ టపాలో ఏది వేగమైనది, ఏది సొగసైనది అన్న లెక్క వేయబోవడం లేదు. నా అభిప్రాయం ఒక్కటే. పనిముట్టు పోయిన తరువాత కూడా దానితో వ్రాసినది చదువగలిగితే అది మంచి పనిముట్టు. చదువలేకపోతే దాని సొగసు ఎందుకూ కొరగాదు.

మా అనంతపురం మెట్టరైతు గొర్రు, గుంటక చేయించుకొనేటప్పుడు మొదట చూచేది, విరిగితే ఊళ్ళోనే బాగుచేయించుకొనే వీలు ఉన్నదా అని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల ఇది. పదును ఉన్న ఆ రెండు మూడు దినాలలో పనిముట్టు మొరాయిస్తే ఆ ఏటి చెనక్కాయ పంట చేతికి రానట్లే. వ్రాతపనికీ అదే నీతి వర్తిస్తుందని నేను అనుకొంటాను.

పోయినవి, మిగిలినవి

ఈ బ్లాగ్లోకపు పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చినది. అయినా కంట్రోల్ ప్యానెల్ తెరచి, భాషల విభాగంలో సంక్లిష్ట లిపుల గడికి టిక్కు పెట్టి, సీడీ అందిస్తే గాని వత్తులు అక్షరాల క్రిందికి చేరేవి కావు. చేతిఫోనులలో తెలుగు పలుకని రోజులలో ఒపెరా మినీ విహరిణిలో చిరునామా గడిలో 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమన్న చోట 'యెస్' అని మార్చుకొనేవారము. దినపత్రికల జాలగూళ్ళు తలకొక సొంత ఖతిని వాడుతున్న కాలంలో వాటిని యూనికోడుగా మార్చి చూపడానికి వెన్న నాగార్జునగారి 'పద్మ' పొడిగింత ఉండేది. అటువంటి పాత పద్ధతి పొడిగింతలకు 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పుతో తలుపులు మూసుకొన్నవి. ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులోనే మూతపడినది.

ఈ చిట్కాలన్నీ నేడు నిరుపయోగం. కాని 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తొలినాళ్ళలో వ్రాసిన వాక్యం నేటి ఫోనులో ఏ చిట్కా లేకుండా తెరచుకొంటున్నది. చిట్కాలు చూపునకు సంబంధించినవి, యూనికోడు వ్రాతకు సంబంధించినది. చూపే సాధనం మారినా వ్రాత చెడలేదు. పోతన, వేమన ఖతులను రూపొందించి అందరికీ అందించిన తిరుమల కృష్ణదేశికాచార్యులవంటి వారి శ్రమ ఫలించినదీ అందువల్లనే. యూనికోడులో వ్రాసినదానిని ఖతి మార్చి చూచుకోవచ్చును. సొంత సంకేతాలతో వ్రాసినది ఖతి పోతే దానితోనే పోతుంది.

అచ్చుకూటాలలో చిక్కుకొన్న తెలుగు

అసలు భయం ఇక్కడ ఉన్నది. మన జిల్లాలలో కొన్ని దశాబ్దాలుగా అచ్చయిన కవితాసంపుటాలు, కథలు, గ్రామచరిత్రలు, అష్టావధానాల సంచికలు చాలవరకు పేజ్‌మేకరులో, అను వంటి ఖతులతో కూర్చినవి. ఆ ఖతులలో ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు కూర్చొని ఉంటాయి. ఒక ముక్క తలకట్టు, ఒక ముక్క కొమ్ము, ఒక ముక్క వత్తు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే పద్యానికి బదులు ఆంగ్లాక్షరాల గుప్పు కనబడుతుంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద కూర్పు 7.0 వచ్చినది 2001లో. ఆ దస్త్రాలను తెరువగలిగిన చివరి ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6. ఆ తరువాతి కూర్పులు వాటిని తెరువవు. అనగా పాత యంత్రాలు పనిచేస్తున్నంతకాలమే ఆ దస్త్రాలకు ఆయువు.

ఆ పుస్తకాలు ఎన్ని ప్రతులు వేసి ఉంటారు? అయిదువందలో, వేయియో. పంచగా మిగిలినవి చెదలకు. రచయిత కాలం చేస్తే ఇంటివారికి మిగిలేది ఒక సీడీ. ఆ సీడీని చదువగలిగిన యంత్రం ఊళ్ళో ఒక్కటైనా మిగిలి ఉండగానే పని జరగాలి.

చేయవలసినది కష్టం కాదు. పేజ్‌మేకర్ దస్త్రంలోని పాఠాన్ని వేరుచేసి దించుకొనండి. అను నుండి యూనికోడుకు మార్చే ఉపకరణాలు జాలంలో ఉన్నవి, వాటితో మార్చండి. తరువాత ఒక పండితుడో, పద్యం తెలిసినవాడో కూర్చొని మూలంతో సరిపోల్చండి. యంత్రం మార్చిన పాఠంలో ముఖ్యంగా చూడవలసినవి అరసున్న, బండిఱ, జంటవత్తులు, విరామచిహ్నాలు. పద్యమైతే ఛందస్సే కావలికాస్తుంది, గణం తప్పినచోట అచ్చుతప్పు ఉన్నదని వెదకవచ్చును. వచనానికి ఆ కావలి లేదు, కంటితోనే చూడాలి. చివరకు పాఠాన్ని యూటీఎఫ్-8 సంకేతంతో సాదా దస్త్రంగా భద్రపరచండి. పాత నోట్‌ప్యాడు ఆ మాట చెప్పకపోతే 'యాన్సీ'గా దాచేది, తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యేది. 2019 నాటి విండోస్ 10 కూర్పు నుండి యూటీఎఫ్-8 దానంతట అదే వస్తున్నది. పాత యంత్రం వాడేవారు 'సేవ్ యాజ్' గడిలో ఎన్‌కోడింగ్ చూచి మరీ దాచండి.

"మా ప్రాచీన చిహ్నాలన్నీ యూనికోడులో ఎక్కడున్నవి?" అని కొందరు పండితమిత్రులు ఇంకా అంటున్నారు. ఆ ఆక్షేపణకు కాలం చెల్లినది. 2008 నాటి 5.1 కూర్పుతో అవగ్రహం, దంత్య చ-జలు (ౘ, ౙ), కరణాల లెక్కలలోని భిన్నాంకాల గుర్తులు చేరినవి. 2021లో నకారప్పొల్లు కూడా చేరినది. కొన్ని ఖతులలో అవి ఇంకా గడులుగా కనబడితే ఖతి మార్చుకొనడమే, వ్రాత మార్చనవసరం లేదు.

ఏ మీటలపలక?

రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గారలు రూపొందించిన ఆర్‌టీయస్, దాని ఆధారంగా వీవెన్ గారు అందించిన లేఖిని మనలో ఎందరికో జాలంలో అక్షరాభ్యాసం చేయించినవి. ఆ ఋణం తీరేది కాదు. అయినా ఇప్పుడు క్రొత్తగా నేర్చుకొనే విద్యార్థికి, ముఖ్యంగా ఉపాధ్యాయునికి, నేను చెప్పేది ఇన్‌స్క్రిప్టు.

కారణాలు చెబుతాను. దాని అమరిక మన వర్ణమాల నుండి వచ్చినది. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు. కుడిచేతికి ప్రధానంగా హల్లులు. అల్పప్రాణం ఉన్న మీటమీదనే షిఫ్టు నొక్కితే దాని మహాప్రాణం వస్తుంది: క-ఖ, త-థ, ద-ధ. గుణింతపు గుర్తు ఉన్న మీటమీదనే షిఫ్టుతో ఆ అచ్చు వస్తుంది. ఒత్తు పలుకని పిల్లవానికి 'ధ' ఒక వేరు అక్షరమని వేలికే తెలుస్తుంది. ఆంగ్లలిపిలో 'డీ' కొట్టాలా, దాని ప్రక్కన 'హెచ్' కొట్టాలా అని ఆలోచించి తెలుగు వ్రాసే పిల్లవాడు తెలుగును ఆంగ్లం గుండా చూస్తున్నాడు. ఫోను సూచించిన మాటను తాకి సరిపెట్టుకొనే పిల్లవానికి శ, ష, సల భేదంతో పనే లేకుండా పోతున్నది. బడిలో ముప్పైయేండ్లు ఆ మూడింటితో కుస్తీపట్టినవాడిని కనుక ఈ మాట అంటున్నాను.

మా సీమకు మరొక లాభం ఉన్నది. రాయదుర్గం, మడకశిర ప్రాంతాలలో తెలుగు, కన్నడం రెండూ వచ్చినవారు కోకొల్లలు. ఇన్‌స్క్రిప్టులో భారతీయ భాషలకు మీటల అమరిక ఒక్కటే. తెలుగు 'క' ఉన్నచోటే కన్నడ 'ಕ'ను పోలిన అక్షరం, నాగరి 'క'కారం కూడా ఉంటాయి. ఒక్కసారి వేళ్ళకు అలవాటైతే రెండు మూడు లిపులు చేతికి వచ్చినట్లే. 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఈ అమరిక ఉన్నది, విండోసులోను లినక్సులోను ముందే చేర్చి ఉంటుంది. సెట్టింగులలో భాషల వద్ద తెలుగును చేర్చుకొని, విండోస్ మీటతో స్పేసు నొక్కితే చాలును, దించుకోలు అవసరం లేదు. నేర్చుకొనడానికి పదిహేను దినాలు పట్టవచ్చును. అంతకన్న ఎక్కువ కాలం పట్టే విద్యలు ఎన్నో నేర్చినవారమే మనమందరమూ.

పలికితే వ్రాసే ఫోను

2017 ఆగస్టులో గూగుల్ తన స్వరలేఖనంలో తెలుగును చేర్చినది. కంటిచూపు మందగించినవారికి, మీటలు నొక్కలేనివారికి స్వరలేఖనం వరమే. దానిని తప్పుపట్టను. కాని ఒక్క హెచ్చరిక. ఏ యంత్రమైనా తాను ఎక్కువగా చూచిన భాషనే నేర్చుకొంటుంది. జాలంలో ఎక్కువగా ఉన్నది పత్రికాభాష. మెట్టపొలం మాటలు, మాండలికం అక్కడ తక్కువ. చెనక్కాయలు, బుడ్డలు, గుంటక, పదును, వంక, ఉగ్గాని వంటి మాటలకు బదులు యంత్రం తనకు తెలిసిన మరొక మాటను ముందుకు త్రోస్తే, తొందరలో మనం దానిని అంగీకరిస్తే, మాట మారిపోతుంది. ఒకరు మారిస్తే నష్టం లేదు. లక్షమంది అంగీకరిస్తే రేపటి యంత్రం అదే సరి అని నేర్చుకొంటుంది.

దీనికి మందు ఫోనులోనే ఉన్నది. మీటలపలక సెట్టింగులలో 'వ్యక్తిగత నిఘంటువు' అన్న చోట మీ ఊరి మాటలను మీరే చేర్చుకోవచ్చును. దినానికి అయిదు చేర్చినా ఏడాదిలో పెద్ద పదకోశం అవుతుంది. పైగా ఆ మాటలను బ్లాగులోను, వికీలోను వ్రాస్తూ ఉంటే యంత్రానికీ వినబడుతుంది.

మన అక్షరం విషయంలో యంత్రాలు ఎంత అజాగ్రత్తగా ఉండగలవో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూచినది. 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేకక్రమంలో, నడుమ కంటికి కనబడని విభాజకంతో వస్తే, ఐఫోనులో సందేశాల ఉపకరణాలు కుప్పకూలినవి. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 కూర్పుతో దానిని సరిచేసినది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి కొరుకుడు పడలేదని నవ్వుకొన్నాము. నవ్వు అటుంచితే, ఆ విభాజకం మనం నిత్యం వాడేదే. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసినపుడు 'ట్' క్రింద వకారవత్తు పడకుండా ఆపేది అదే. తెలుగులో వ్రాసేవారు, తెలుగులో ఫిర్యాదు చేసేవారు ఎక్కువైతేనే ఇటువంటివి ముందుగా బయటపడతాయి. ఉపకరణంలో లోపం కనబడితే మనలో మనం గొణుగుకోక, తయారుచేసినవారికి తెరపట్టుతో సహా వ్రాయండి.

ఎవరికోసం ఈ శ్రమ?

ఈ జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లోను, విద్వాన్ విశ్వంగారు 1987లోను, పుట్టపర్తి నారాయణాచార్యులవారు 1990లోను కీర్తిశేషులైనారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏండ్లు రచనపై హక్కు వారసులది. అనగా వారి రచనలు స్వేచ్ఛగా అందేది వరుసగా 2040, 2048, 2051 సంవత్సరాల ఆరంభంలో. అంత పెద్దలకే ఇన్నేండ్లు వేచి ఉండాలి. వారి పుస్తకాలైనా గ్రంథాలయాలలో దొరుకుతాయి. అయిదువందల ప్రతులు వేసుకొన్న పల్లెకవి పుస్తకం అంతవరకు ఉంటుందా? కనుక బ్రతికి ఉన్న రచయితలను, వారసులను అడిగి, స్వేచ్ఛాలైసెన్సుతో తెలుగు వికీసోర్సులో చేర్పించడం మంచి మార్గం. అక్కడ ఒకరు దిద్దిన పుటను మరొకరు చూచి ఆమోదిస్తారు. పరీక్షపత్రాలు దిద్ది దిద్ది చేయి తిరిగిన విశ్రాంత ఉపాధ్యాయులకు ఇంతకన్న తగిన పని లేదు.

మీ బ్లాగుల సంగతీ మరువకండి. ఉచితంగా ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసుకోవచ్చును. వర్డ్‌ప్రెస్సులో టూల్స్ క్రింద ఎక్స్‌పోర్టు ఉన్నది. బ్లాగరు వాడేవారు గూగుల్ టేకౌట్ ద్వారా తమ టపాలను దించుకోవచ్చును. ఏడాదికి ఒకసారి, ఉగాదినాడు పంచాంగం విన్న తరువాత చేయండి, గుర్తుంటుంది.

మీ ఊరి అచ్చుకూటంలో పాత యంత్రం ఇంకా నడుస్తున్నదా? మీ వద్ద మంచి మార్పిడి ఉపకరణం ఉన్నదా? ఉంటే క్రింద వ్యాఖ్యలలో వ్రాయండి. ఇన్‌స్క్రిప్టు విషయంలో నాతో విభేదించేవారు మరీ వ్రాయండి, వాదించుకొందాము, తెలుగులోనే.