తొలివేటకు సన్నాహం

సంస్కృతంలో మృగమనే శబ్దానికి మూలమైన ధాతువునకు వెదకుట అని అర్థం. వెదకబడునది మృగం, వెదకే క్రియ మృగయ. మార్గమనే మాట కూడా ఈ కుటుంబానికి చెందినదే. మృగం నడిచిన జాడయే మొదటి మార్గం. భక్తిమార్గమనీ జ్ఞానమార్గమనీ మనం గౌరవంతో ఉచ్చరించే పదంలో ఒక జింక అడుగుజాడ దాగి ఉన్నది. కనుక వేటను గూర్చి విచారించడం ఆధ్యాత్మిక చింతనకు వెలుపలి విషయమని భావించనక్కరలేదు.

భద్రాద్రి యాత్రకు వచ్చే భక్తులలో ఈ విషయమై రెండు అభిప్రాయాలు వినవస్తాయి. వేటాడేవారు క్రూరులనీ, వారికి భక్తి ఎక్కడిదనీ కొందరి మాట. శ్రీరామచంద్రుడంతటివాడే లేడి వెంట పోలేదా, క్షత్రియులకు మృగయ విహితమే గదా అని మరికొందరి మాట. మొదటిది మనుష్యుణ్ణి నిందిస్తుంది, రెండవది దైవాన్ని సాక్షిగా పిలిచి జిహ్వచాపల్యాన్ని సమర్థిస్తుంది. ఈ రెండూ అసంపూర్ణములే. వేటలోని ధర్మాధర్మాలు బాణం లక్ష్యాన్ని తాకినప్పుడు నిర్ణయమయ్యేవి కావు. విల్లు చేపట్టడానికి పూర్వమే, ఆ మనిషి తనకు తాను ఏ హద్దు గీసుకొన్నాడన్న దానిపై అవి ఆధారపడి ఉంటాయి. మన ఇతిహాస పురాణాలు చెప్పేది ఇదేనని నా విశ్వాసం.

ముందుగా ఈ ప్రాంతాన్ని చూద్దాం. పూర్వపు ఖమ్మం జిల్లాలో భద్రాచలం, పాల్వంచ, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాలు గోదావరికి ఇరువైపులా వ్యాపించిన అరణ్యభూమి. 2016లో వీటిని కలుపుకొని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పాల్వంచ సమీపాన కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్నది. చుక్కల దుప్పులు, కణుజులు ఈ అడవులలో సంచరిస్తాయి. ఈ నేలకు మొదటి నివాసులు కోయలు. భద్రగిరిపై పుట్టలోని సీతారామలక్ష్మణమూర్తులను కనుగొని తొలి నైవేద్యం పెట్టినది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం. కంచర్ల గోపన్న ఆలయం కట్టించింది ఆ తరువాతనే. మన దర్శనభాగ్యానికి మూలం ఒక వనవాసిని అన్న సంగతిని మరచి వనవాసుల ఆచారాన్ని విమర్శించడం తగదు.

కోయలకు విజ్జ పండుము, భూమిపండుగ అనే పేర్లతో తొలకరికి ముందు ఒక పర్వం ఉన్నది. విత్తనాలను దేవత ముందుంచి పూజించి, పురుషులు కలిసికట్టుగా అడవికి వేటకు వెళ్తారు. లభించినది పల్లె అంతా పంచుకొంటుంది. రిక్తహస్తాలతో తిరిగి వచ్చినవారిని స్త్రీలు పరిహాసం చేయడమూ ఆచారంలో భాగమే. ఈ వేటకు కాలం నిర్ణయమై ఉన్నది, అధిదేవత ఉన్నది, పంపకానికి నియమం ఉన్నది. పల్లెకుర్రవాడు పెద్దల వెంట మొదటిసారి విల్లు పట్టుకొని బయలుదేరినప్పుడు అతనికి సంక్రమించేది చంపే విద్య మాత్రమే కాదు, ఈ నియమాలన్నీ అతనికి వారసత్వంగా వస్తాయి.

తొలివేటకు పోయేవాడు నేర్వవలసినది ఎంతో ఉన్నది. గాలి ఎటునుండి వీస్తున్నదో తెలియాలి. గాలి తన వాసనను ముందుగా మోసుకొనిపోతే మృగం కంటబడదు. గ్రీష్మంలో వాగులు ఎండి చెలమలు మాత్రమే మిగిలినప్పుడు ఏ మృగం ఏ వేళ నీటికి వస్తుందో గమనించాలి. చైత్రంలో ఇప్పచెట్ల క్రింద రాలిన పూలను తినడానికి దుప్పులు తెల్లవారుజామున వస్తాయని తెలియాలి. గిట్టల గుర్తు నిన్నటిదా నేటిదా అని మట్టిని బట్టి చెప్పగలగాలి. దాహాన్ని ఓర్చుకోవాలి, దగ్గును ఆపుకోవాలి, గంటల తరబడి కదలక కూర్చోవాలి. అన్నిటికీ మించి, ఎప్పుడు బాణం విడువరాదో తెలియాలి. ఈ పట్టికను ధ్యానానికి కూర్చునే సాధకుని ముందుంచితే అతనికి పరాయిదనిపించదు. ముండకోపనిషత్తు బ్రహ్మసాధనను బోధించడానికి విలువిద్యను ఉపమానంగా గ్రహించడం యాదృచ్ఛికం కాదు. మౌనం, ఏకాగ్రత, నిరీక్షణ, ఇంద్రియనిగ్రహం ఇద్దరికీ సమానమే.

అయితే నైపుణ్యం ఎంత ఉన్నా నిగ్రహం లేకపోతే ఏమవుతుందో మన ఇతిహాసాలు మూడు వేటల ద్వారా చూపుతాయి. దశరథుడు యౌవనంలో సరయూతీరాన చీకటిలో శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. ఏనుగు నీరు త్రాగుతున్నదని తలచాడు, కాని కుండలో నీరు ముంచుతున్న మునికుమారుడు నేలకొరిగాడు. శబ్దభేదిలో ఆయనకు లోపం లేదు. చూడకుండా వేయరాదన్న హద్దు ఆయన పెట్టుకోలేదు. పాండురాజు సంగమంలో ఉన్న మృగమిథునాన్ని కొట్టాడు. మృగరూపంలో ఉన్న కిందమ మహర్షి మరణిస్తూ అతణ్ణి తప్పుపట్టింది వేటాడినందుకు కాదు, ఆ వేళ గడిచేవరకు నిరీక్షించనందుకు. పరీక్షిత్తు తాను కొట్టిన మృగం తప్పించుకొనగా ఆకలిదప్పులతో దాన్ని వెదకుతూ శమీక మహర్షి ఆశ్రమానికి చేరి, మౌనవ్రతంలో ఉన్న ఋషి మెడలో మృతసర్పాన్ని వేశాడు. మృగం దొరకనప్పుడు కోపాన్ని ఎక్కడ దించుకోవాలో ఆయన సిద్ధపడి రాలేదు. మనువు రాజులకు కామం వల్ల కలిగే వ్యసనాలను లెక్కిస్తూ మృగయను మొదట పేర్కొన్నాడు. విహితమైనదే వ్యసనంగా మారే అవకాశం ఇందులో అధికమని దీని భావం.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు ఈ దృష్టితో మళ్ళీ వెళ్దాం. మారీచుడు బంగారులేడియై కనిపించిన చోటు ఇదేనని ఇక్కడివారి విశ్వాసం. ఆ లేడి ఆహారం కోసం కోరబడినది కాదు, ఆత్మరక్షణకై కొట్టవలసినదీ కాదు. అది కంటికి నచ్చింది. సజీవంగా దొరికితే ఆటకు, దొరకకపోతే చర్మానికి కావాలనిపించింది. లక్ష్మణుడు ఇది రాక్షసమాయ అని హెచ్చరించాడు. అయినా సాక్షాత్తు ధర్మమూర్తి దాని వెంట పోవలసివచ్చింది. ఆ వేట ఫలితం సీతావియోగం. కనుక రాముడు వేటాడాడు గదా అని వాదించేవారు అదే కథ చివరను కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. అవసరం లేని అందం కోసం సాగిన వేటకు రామాయణం చెల్లించిన మూల్యం అసాధారణమైనది.

ఇక నేటి స్థితి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దుప్పి, కణుజు వంటి మృగాల వేటను నిషేధించింది. గిరిజనుల భూమి హక్కులను, అటవీ ఫలసాయంపై హక్కులను గుర్తించిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా సాంప్రదాయికమైన వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. చుక్కల జింక తెలంగాణ రాష్ట్రమృగం కూడా. కాబట్టి విజ్జ పండుము నాటి కుర్రవాడు ఆచారం ప్రకారం పుణ్యకార్యానికి, శాసనం ప్రకారం నేరానికి ఒకే అడుగుతో బయలుదేరుతున్నాడు. ఇది తేలిక సమస్య కాదు. తరతరాల పర్వాన్ని ఒక్క కాగితంతో నేరంగా మార్చితే కలిగే వేదన నిజమైనది. అడవి తరిగి మృగసంతతి క్షీణించిందన్నదీ అంతే నిజం. పూర్వం వంద పల్లెలు వేటాడినా తరగని అడవి ఇప్పుడు లేదు.

అయినా అడవిని ఖాళీ చేస్తున్నది ఈ విల్లు కాదు. విద్యుత్తు లైనుకు కొక్కెం వేసి నేలపై పరచిన కరెంటు తీగ, దారిలో బిగించిన ఉచ్చు, నాటు తుపాకి, రాత్రివేళ కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపం అడవికి అసలు శత్రువులు. తీగకు కాలం తెలియదు, చూలుతో ఉన్న లేడి అని తెలియదు, పశువు కాపరి అని తెలియదు. తొలివేటకు కావలసిన సన్నాహంలో ఒక్కటీ దానికి అక్కరలేదు. గాలిని చదవనక్కరలేదు, దాహం ఓర్వనక్కరలేదు, మృగం కళ్ళలోకి చూడనక్కరలేదు. దశరథుని శబ్దభేది తప్పు ఇక్కడ ప్రతిరాత్రి యంత్రబద్ధంగా పునరావృతమౌతున్నది. ఆ మాంసం కోయపల్లెలో పంపకానికి పోదు. పట్టణంలో దుప్పిమాంసం దొరికిందని గొప్పగా చెప్పుకొనేవారి విందుకు పోతుంది. వారిలో కొందరు నవమినాడు కల్యాణ తలంబ్రాలు కళ్ళకద్దుకొనేవారే కావచ్చు. కొనేవాడు లేనిదే ఆ తీగ పరచేవాడు లేడు. వాల్మీకి హృదయాన్ని కదిలించిన క్రౌంచవధలో నిషాదుడైనా తన విల్లుతో ఎదుట నిలిచాడు; ఈ కొనుగోలుదారు ఎదుటకు రాడు.

కనుక తిరస్కారానికి పాత్రుడు వేటగాడన్న కులం కాదు. మహాభారతంలో కౌశికుడనే తపస్వి తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో భస్మం చేశాడు. అతనికి ధర్మాన్ని బోధించినవాడు మిథిలలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుడు. ఆయన తాను చంపడు, తినడు, వంశవృత్తిలోనూ హద్దు పాటిస్తాడు. శ్రీకాళహస్తిలో కన్నప్పగా వెలసిన తిన్నడు బోయదొర కుమారుడు. 12వ శతాబ్దంలో సెక్కిళార్ రచించిన పెరియపురాణంలో అతని తొలివేట వర్ణన ఉన్నది. అడవిపందిని తరుముతూ పోయిన ఆ తొలివేటయే అతణ్ణి శివలింగం ఎదుట నిలబెట్టింది. వెదకబోయినది ఒకటి, లభించినది మరొకటి.

అలాగని మృగంపై జాలి ఉంటే చాలు, అదే అహింస అనుకోవడమూ పొరపాటే. భాగవతంలోని భరతుడు దిక్కులేని లేడిపిల్లను కాపాడి, దానిపై మమకారంతో తపస్సు మరచి, మరుజన్మలో లేడియై పుట్టాడు. దారి ప్రక్కన దుప్పులకు ప్రసాదం, బిస్కెట్లు పెట్టి ఛాయాచిత్రం తీసుకొనే కరుణలోనూ ఆ మమకారమే ఉన్నది. మనుష్యుణ్ణి నమ్మడం నేర్చిన మృగం వేటగానికి సులభంగా చిక్కుతుంది.

మరి ఈ కుర్రవాని తొలివేట ఏమి కావాలి? నిర్ణయించవలసినవారు ఆ పల్లె పెద్దలే; బయటినుండి వచ్చి బోధించే అధికారం మనకు లేదు. అయినా అభిప్రాయం అడిగితే నేను చెప్పేది ఇది. సన్నాహాన్ని పూర్తిగా నిలుపుకోవాలి. జాడ చదవడం, చెలమల దగ్గర నిరీక్షణ, కలసి నడవడం, దేవతకు మ్రొక్కు, అన్నీ ఉండాలి. మృగం కంటబడేంతవరకు వెళ్ళి, విల్లు ఎక్కుపెట్టగలిగి, విడువక తిరిగివచ్చినవాణ్ణి రిక్తహస్తుడని నవ్వకుండా నేర్పరి అని గౌరవించే ఆచారం ఏర్పడితే పర్వం నిలుస్తుంది, మృగమూ నిలుస్తుంది. అటువంటి కుర్రవానికంటె అడవికి మంచి కాపరి ఎవరు? అతని విద్యను నేరంగా లెక్కించక అటవీశాఖ రక్షకవృత్తిలోకి గౌరవంగా ఆహ్వానించడం ప్రభుత్వ ధర్మం.

ఈ మాటకు వేదంలోనే బలమున్నది. జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో సూర్యుడు మృగశిరలో ప్రవేశించినప్పుడు మన రైతులు విత్తనానికి సిద్ధమౌతారు. మృగశిరమంటే లేడితల. స్వపుత్రికను కామించి మృగరూపంతో వెంబడించిన ప్రజాపతిని రుద్రశక్తి బాణంతో కొట్టినట్లు ఐతరేయబ్రాహ్మణం చెప్తుంది. ఆ వేటగాడే ఆకాశంలో మృగవ్యాధ నక్షత్రం. తొలి వ్యాధుని లక్ష్యం హద్దు మీరిన కామం. విత్తనాలు చల్లే ముందు వేటకు పోయే కోయపర్వమూ, మన మృగశిర కార్తీ ఒకే ఋతువు గడపపై నిలిచి ఉన్నవి.

కాగా, చైత్రశుద్ధ నవమికి భద్రాద్రికి బయలుదేరే సాధకులు తమ సన్నాహంలో మూడు నియమాలు చేర్చుకోవలసిందిగా ప్రార్థన. ఎవరు పెట్టినా, ఎంత గుప్తంగా పెట్టినా అడవిమాంసం ముట్టరాదు. అడవిదారిలో రాత్రివేళ వాహనాన్ని వేగంగా నడపరాదు. పర్ణశాలలో, వాగుల దగ్గర ప్లాస్టిక్కు విడువరాదు. ఇప్పపూలు రాలే ఆ దినాలలోనే దుప్పులు తెల్లవారుజామున చెట్ల క్రిందికి వస్తాయి. మనం దర్శనానికి వరుసలో నిలిచే వేళ అదే.