అత్తయ్య చెప్పిన ఊర్మిళ

మా చిన్నది నాలుగో తరగతి. పోయిన నెల బడిలో రామాయణం నుంచి ఏదైనా కథ రాసుకురమ్మన్నారు. నానమ్మ చెప్పిన ఊర్మిళ నిద్ర రాసింది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రలోనే ఉండిపోవడం, ఆయన తిరిగొచ్చి పక్కన కూర్చుంటే ఎవరో పరాయివాడనుకుని బెదిరించడం, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. కింద ఎర్ర సిరాతో "ఇది రామాయణంలో లేదు" అని వచ్చింది.

టీచరుగారి మీద కోపం తెచ్చుకునే అర్హత నాకు లేదు. ఆ మాట ముందు అన్నది నేనే. దసరా సెలవుల్లో, పిల్లల ముందే, "అత్తయ్యా, వాల్మీకి రామాయణంలో ఇది లేదండీ" అన్నాను. చదువుకున్నదాన్నన్న పొగరు, ఇంకేమిటి! ఇప్పుడు ఈ ఎర్ర సిరా కూడా చూశాక ఆవిడ కథలు మానేశారు. పిల్లలు అడిగితే "నాకేమొస్తయ్ బిడ్డా, మీ అమ్మనడుగు" అంటున్నారు.

నాలుగు మాటలు ముందే తెలిసుంటే ఈ బాధ ఉండేది కాదనిపించింది. అందులో మొదటిది పాఠాంతరం. నోటి కథకి అసలు ప్రతి అంటూ ఉండదు. చెప్పిన ప్రతిసారీ అదొక పాఠమే, ఒకటి ఒప్పు ఇంకొకటి తప్పు అనడానికి లేదు. ఊర్మిళాదేవి నిద్ర మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాట. వెల్చేరు నారాయణరావుగారు ఈ స్త్రీల రామాయణ పాటల మీద రాసిన వ్యాసం 1991లో అచ్చయింది. యుద్ధాలకన్నా పురుళ్లు, పెళ్లిళ్లు, ఇంట్లో ఆడవాళ్ల అలకలు ఎక్కువ కనిపించే రామాయణం అది. అంటే టీచరుగారు రాయాల్సింది "వాల్మీకంలో లేదు" అని. ఒక్క మాట తేడా, కానీ మా ఇంట్లో ఒక మనిషి నోరు మూతపడింది.

పురాణం, ఐతిహ్యం, జానపద కథ కూడా కలిపేస్తాం. దేవుళ్ల కథ పురాణం. మా ఊరి చెరువు ఫలానా ఆవిడ బలిదానంతో నిలిచిందంటే అది ఐతిహ్యం, చెప్పేవాళ్లు నిజమనే చెబుతారు. ఏడు చేపల కథని ఎవరూ నిజమనుకోరు, అది జానపద కథ. అందులోనూ గొలుసు కథ: చేప, గడ్డిమోపు, ఆవు, చివరికి చీమ. ఫిన్లాండు పండితుడు ఆంటీ ఆర్నె 1910లో జానపద కథలకి నంబర్లు వేస్తే, అమెరికాలో స్టిత్ థాంప్సన్ దాన్ని పెంచాడు. అందులో గొలుసు కథలు 2000 నుంచి మొదలవుతాయి. మన చీమకీ చుట్టాలున్నారన్నమాట! బళ్లో మాత్రం ఈ కథ అవగానే "నీతి ఏమిటి?" అని అడుగుతారు. చీమ కుట్టడంలో నీతేమిటండీ?

మొన్న రాత్రి అత్తయ్య దగ్గర కూర్చుని ఆ వ్యాసం సంగతి చెప్పాను, తప్పయిందని కూడా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా పాటల గురించి పుస్తకంల రాసిన్రా?" అని మాత్రం అడిగారు.

నిన్న పిల్లలకి ఏడు చేపల కథ మొదలుపెట్టారు. ఆవుని జీతగాడు మేపలేదన్నారు. "కాదు నానమ్మా, అమ్మ పాలేరు అని చెప్పింది" అంది చిన్నది. మాది గుంటూరు వైపు, ఆవిడది కరీంనగర్. నేను ఊపిరి బిగబట్టి వంటింట్లోంచి వింటున్నాను.

"మీ అమ్మోళ్ల ఊర్లె చేప గట్ల ఎండలే. మా ఊర్లె గిట్ల ఎండలే. ఇను" అన్నారు అత్తయ్య.